ఐదో తారీకు నీళ్లు

4 అక్టోబర్ 2023, బుధవారం

నార్కట్‌పల్లిలో నా గది టైర్ల దుకాణం మీద. పొద్దున్నుంచీ కింద గాలి కొడుతూనే ఉంటారు. ఇక్కడ ఆగే బస్సులన్నీ ఇంకెక్కడికో పోయేవే. దిగి ఉండిపోయిన మనిషిని నేనొక్కణ్ణే అనిపిస్తుంది. నా భార్య వజీరా పోయాక మహబూబ్‌నగర్ ఇంట్లో ఉండలేక, నేనే అడిగి ఈ జిల్లాకు బదిలీ వేయించుకున్నాను. అడిగి తెచ్చుకున్నది కాబట్టి ఎవరి మీదా కోప్పడే హక్కు లేదు. అయినా కోపం వస్తూనే ఉంది, ముఖ్యంగా హారన్ల మీద.

రేపు తుమ్మలబండ. మొన్ననే ఫోన్ చేసి చెప్పాను.

5 అక్టోబర్

తుమ్మలబండ: 19.10 మీటర్లు.

లీలమ్మక్క వాళ్ల చేను మూలన మా భూగర్భజల శాఖ ఆఫీసు వేసిన బోరు ఉంది. దానికి మోటారు లేదు. మూత తీసి టేపు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలుచుకోవడానికే అది. టేపు కొన నీళ్లకు తగలగానే కుయ్‌మంటుంది. ఆ చప్పుడు వినడానికి ఆమె భర్త పరమేశ్వర్ బావ ప్రతి నెలా మగ్గం దిగి వస్తాడు.

"పంతొమ్మిదంటె ఎక్కువనా తక్కువనా వహీదూ?" అని అడిగాడు. ప్రతి నెలా అడుగుతాడు.

"అంకె చిన్నగుంటె నీళ్లు పైకున్నట్టు బావా. పక్కూర్ల ఇరవై ఆరున్నది."

"అంటె మన ఊరే నయం."

లీలమ్మక్క జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. కూర మిగిలితే డబ్బాలో కట్టి ఇచ్చింది. పోయిన జనవరిలో మొదటిసారి వచ్చినప్పుడు నన్ను సారూ అనేది. రెండో నెలకు తమ్మీ అయ్యాను. యాభై ఏడేళ్ల వాణ్ణి ఈ భూమ్మీద తమ్మీ అనేది ఇప్పుడు ఆమె ఒక్కతే.

5 నవంబర్, ఆదివారం

సెలవైనా వెళ్లాను. ఐదో తారీకు ఐదో తారీకే కదా. 18.70.

19 నవంబర్

ముప్పై ఎనిమిది ఊళ్లు. భూమి కింద రాయి ఎక్కడ పగిలింది, ఆ పగుళ్లలో నీళ్లు ఎంత నిలుస్తున్నాయి, జనం ఎంత తోడుతున్నారు, ఇవన్నీ ఒక్క పటం మీదకు రావాలి. పచ్చ వేసిన ఊళ్లో కొత్త బోరుకు అనుమతి ఇస్తారు. ఎర్ర వేసిన ఊళ్లో ఇవ్వరు. చెప్పుకోవడానికి ఇంతే, కానీ రెండేళ్ల పని.

నా పటం నిండా ఎరుపే. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక మోటార్లకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఒక్క తుమ్మలబండ దగ్గర మాత్రం చుట్టూ మట్టం పడిపోతున్నా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ ఊరి కింద పెద్ద పగులేదో ఉండాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది ఒక్కటీ నా చేతికి చిక్కలేదు. ఈ మాట చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే బాగుండేది. మెస్సులో పక్కన కూర్చున్న లారీ డ్రైవరుకు చెప్పబోయాను. అతను సాంబారు అడిగి లేచిపోయాడు.

3 డిసెంబర్

లీలమ్మక్కకు ఫోన్ చేశాను, ఎల్లుండి వస్తున్నానని. వాళ్లకు కుక్క ఉంది, కట్టేయాలి కదా. నిబంధన ప్రకారం ముందు చెప్పకుండా వెళ్లాలి. ఆ నిబంధన రాసినవాడికి కుక్క ఎదురుపడి ఉండదు.

5 డిసెంబర్

18.90. చిక్కుడుకాయ కూర.

5 జనవరి 2024, శుక్రవారం

19.20.

పరమేశ్వర్ బావ వాళ్ల సొంత బోరు నడుమ నడుమ గాలి కొడుతోందట.

"రెండు నిమిషాలు పోస్తది, మల్ల బుస్సుమంటది. కొత్తది ఏసుకుంటెనే బతుకుతం వహీదూ."

మోటారు పాతది, దాని పని అయిపోయి ఉంటుందన్నాను. యాభై అడుగుల దూరంలో నా బోరులో నీళ్లు నిలిచి ఉంటే వాళ్ల బోరు గాలి ఎందుకు కొడుతుంది? మోటారే. కొత్త బోరు దరఖాస్తు నేనే నింపిచ్చాను. లీలమ్మక్క వేలిముద్ర వేయలేదు. ఈ మధ్యే నేర్చుకుందట, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది.

24 జనవరి

ముసాయిదా పటం ఇచ్చేశాను. తుమ్మలబండ పచ్చ. మా పై అధికారి స్వర్ణలత మేడం దాని మీద వేలు పెట్టి, "గీ ఒక్కటి ఎట్ల మిగిలింది సార్?" అంది. పగులు సంగతి చెప్పాను. బాగా చెప్పాననే అనుకుంటున్నాను.

పటం బయటికి రాకముందే వార్త బయటికి వెళ్లింది. హైదరాబాద్ ఆయన నవీన్‌కుమార్, తుమ్మలబండలో నలభై ఎకరాల బత్తాయి తోట పెడుతున్నవాడు, ఆరు బోర్లకు దరఖాస్తు పెట్టాడు. ఉగాది దాటగానే బోరుబండి వస్తుందట. ఆయన జాగా లీలమ్మక్క చేనుకు ఆనుకునే ఉంది. నీళ్లున్నాయి కదా, పర్వాలేదు.

5 ఫిబ్రవరి

19.60. ఆనపకాయ పప్పు. ఇంటికి రావాలనిపించలేదు. నాలుగింటి బస్సు వదిలేసి ఆరింటి దానికి వచ్చాను.

1 మార్చి, శుక్రవారం

నాలుగో తారీకు నుంచి జీపు ఎన్నికల పనికి పోతుందట. రీడింగులన్నీ రేపటిలోగా ముగించమని మేడం ఆర్డరు. నా ఫోన్ నిన్న మెట్ల మీద పడి, రిపేరు దుకాణంలో ఉంది. అందుకని తుమ్మలబండకు చెప్పకుండానే వెళ్లాల్సి వచ్చింది. లీలమ్మక్క వాళ్లు లేరు, చీరలు ఇవ్వడానికి చండూరు వెళ్లారట. చుట్టూ మోటార్లు మోగుతున్నాయి.

31.40.

టేపు తప్పు.

2 మార్చి

టేపు తప్పు కాదు. ఆఫీసు బావిలో వేసి చూశాను, సరిగ్గానే చూపించింది. మరి బోరులో పైపు ఏదైనా కూలి ఉంటుంది. లేదా ఎండకు అంకె తప్పు చదివి ఉంటాను. అయితే నేను మూడుసార్లు చదివాను.

అది రీడింగుల పుస్తకంలో ఎక్కించలేదు. పెన్సిలుతో పక్కన రాసుకున్నాను.

5 మార్చి, మంగళవారం

మధ్యాహ్నం ఫోన్ బాగై వచ్చింది. చేతిలోకి తీసుకున్న పావుగంటకే లీలమ్మక్క.

"ఏంది తమ్మీ, ఈ నెల రాకపోతివి? ఫోన్ గూడ చెయ్యకపోతివి. పానం మంచిగున్నదా? రెండు దినాల సంది మోటరు బందువెట్టుకోని కూసున్నం."

"బందెందుకు పెట్టిండ్రక్కా?"

"ఐదో తారీకు గద. నువ్వొస్తవని."

అప్పటికీ నాకు అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోబుద్ధి కాలేదు. బస్సెక్కాను. ఊరికి చేరేసరికి చేల మధ్య ఒక్క మోటారు చప్పుడు లేదు. మూత తీసి టేపు వదిలాను. 20.10. నాలుగు రోజుల్లో పదకొండు మీటర్లు పైకి. గట్టు మీద కూర్చున్నాను.

లీలమ్మక్క ఏ దాపరికం లేకుండా చెప్పింది. నేను ఫోన్ చేయగానే తన మోటారు ఆపేస్తుంది. కరెంటు రాగానే మోటారును దానంతట అదే తిప్పే డబ్బా ఉంటుంది, ఆటో అంటారు. పక్క ముగ్గురి చేలల్లో కూడా బతిమాలి ఆ ఆటోలు తీయిస్తుంది. రెండు రోజులు ఊరి ఈ పక్కంతా నీళ్లు తోడరు. నేను కొలుచుకుని వెళ్లగానే మళ్లీ అన్నీ మొదలు. పోయిన మార్చి నుంచీ, ప్రతి నెలా.

"ఎందుకక్కా గట్ల?"

ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "అంత దూరంకెళ్లి వస్తవ్. తాడు లోపలికి ఇడుస్తవ్. నీళ్లు కనవడకుంటె నీ మొకం ఎట్లయితదో నేను సూడలేదా? మొదటి నెల నువ్వు ఇంట్లకొచ్చినప్పుడు సూశ్న. ఇంటికొచ్చినోన్ని ఉత్తచేతులతోని ఎట్ల తోలిస్త?"

పరమేశ్వర్ బావ నవ్వాడు. "పోయిన్నెల నీ కోసమని రెండు మడులు ఎండవెట్టింది మీ అక్క."

అన్నం పెట్టింది. తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

6 మార్చి

నిలకడ మట్టం అంటే మోటార్లు ఆపి కొలిచేదే. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. ఆ లెక్కన తుమ్మలబండ రీడింగులే అసలైనవి.

7 మార్చి

నిలకడ మట్టం అంటే మోటార్లు ఆపి కొలిచేదే.

8 మార్చి

మిగతా ముప్పై ఏడు ఊళ్లలో నేను అలా కొలవలేదు. జనం ఎలా తోడుతుంటే అలా కొలిచాను.

పగులు లేదు. ఆ ఊరి కింద ఏ ప్రత్యేకతా లేదు. ఉన్నది లీలమ్మక్క మర్యాద. దాన్ని నేను పటం మీద పచ్చరంగులో గీసి సంతకం పెట్టాను.

కుక్క సంగతి కూడా రాసుకోవాలి, ఈ పుస్తకంలోనైనా. ఆ కుక్క నన్ను చూసి మొరగడం మానేసి ఏడాది దాటింది. నేను ఫోన్ చేసింది వంట కోసం. వంట కోసం కూడా కాదు. ఎవరో నా కోసం ఎదురుచూస్తున్నారని తెలిసి బస్సెక్కడం కోసం.

9 మార్చి

వజీరా ఉన్నప్పుడూ ఇంతే. వారమంతా ఊళ్లు పట్టుకు తిరిగి, శనివారం బస్సెక్కి ఫోన్ చేసేవాణ్ణి. నేను వెళ్లేసరికి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని గుమ్మంలో ఉండేది. ఎలా ఉన్నావంటే బాగున్న అనేది. ఒక్కసారైనా మంగళవారం నాడు చెప్పకుండా వెళ్లి ఉంటే ఆమె ఏ స్థితిలో పడుకుని ఉందో చూసేవాణ్ణి. జబ్బు సంగతి చివరి మూడు నెలల్లో తెలిసింది. నాకు ఏడుపు వస్తోంది. రాయడం ఆపుతాను.

10 మార్చి

తుమ్మలబండ ఎరుపు అయితే నవీన్‌కుమార్ ఆరు బోర్లు ఆగిపోతాయి. లీలమ్మక్క వాళ్ల ఒక్క బోరూ ఆగిపోతుంది. వాళ్లకు ఆ రెండున్నర ఎకరాలు కాక మగ్గం ఒక్కటే ఉంది.

పచ్చగానే వదిలేస్తే ఏడు బోర్లూ పడతాయి. లేని నీళ్లను ఏడు మోటార్లు పీలుస్తాయి. ఆమెది అన్నిటికన్నా చిన్న మోటారు, ముందు ఎండేది అదే. ఎలా చూసినా ఇంతే. అయినా రెండు రోజులుగా తిప్పి తిప్పి చూస్తున్నాను, ఎక్కడైనా ఆమె ఒక్కతెకి వీలు దొరుకుతుందేమోనని.

12 మార్చి, మంగళవారం

రంజాన్ నెల మొదటి రోజా. పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుంది.

"మోటర్లు ఆపి కొలిస్తె తప్పేమున్నది సార్? నిలకడ మట్టం గదే గద."

నేను రెండు రోజులు నాకు చెప్పుకున్న మాటే. ఆమె నోట వింటే ఎంత బోలుగా ఉందో తెలిసింది.

"మిగిలిన ఊర్లన్ని ఎట్లున్నయో అట్ల కొలిసిన మేడం. ఈ ఒక్క ఊరు పండుగ బట్టలు తొడుక్కోని నిలవడ్డది."

"మార్చాలంటె కారణం రాయాలె. ఏం రాస్తరు?"

"ముందుగాల ఫోన్ చేసి పోయిన అని."

"ఎందుకు చేసిండ్రు సార్?"

"అన్నం పెడ్తరని మేడం."

ఆమె నవ్వలేదు. కిటికీ వైపు చూసింది. "గది రాయకుండ్రి," అంది నెమ్మదిగా.

'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాసి సంతకం చేశాను. మెమో వస్తుంది, రానీ. పోయిన ఏడు మార్చి నుంచీ ఉన్న తుమ్మలబండ రీడింగులు పదమూడూ కొట్టేసి, 31.40 ఎక్కించాను. ఊరు ఎర్రబడింది.

13 మార్చి

వాళ్లకు చెప్పాలి.

15 మార్చి

ఇవాళ కూడా వెళ్లలేదు. ఉపవాసం, ఎండ అని సాకు.

20 మార్చి, బుధవారం

ఫోన్ చేయకుండా వెళ్లాను. లీలమ్మక్క కండెలు చుడుతోంది. నన్ను చూడగానే లేవబోయి, "రోజా ఉన్నవ్ గద, నీళ్లు గూడ తాగవైతివి. కూసో తమ్మీ," అంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

పరమేశ్వర్ బావ మగ్గం ఆపాడు. "ఆ హైదరాబాదాయన బోర్లు ఆగినయంటె మంచిదే. మరి మనది?"

"మనది గూడ రాదు బావా."

"నువ్వే గద నింపిచ్చినవ్."

"నేనే నింపిన. నేనే ఆపిన."

ఎలా జరిగిందో చెప్పడానికి చూశాను. పంతొమ్మిది, ముప్పై ఒకటి, నిలకడ మట్టం. బావ వింటున్నాడో లేదో తెలియలేదు. లీలమ్మక్క మాత్రం విన్నది. అన్నీ విన్నాక ఒకటే అడిగింది.

"నీకేం తక్కువ చేసిన తమ్మీ?"

"తక్కువ చెయ్యలేదక్కా. నువ్వు ఎక్కువ చేసినవ్. తప్పు నాది."

"నీ కోసమని ఊర్ల ముగ్గురి కాల్లు మొక్కినంత పని చేసి మోటర్లు ఆపిచ్చిన. ఇప్పుడు ఆ ముగ్గురికి ఏం చెప్పాలె? నా నోటితోని నేనే ఊరికి నీళ్లు లేకుంట చేసిన్నని చెప్పాల్నా?"

ఆమె మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. బావ మగ్గం మీద చెయ్యి వేసుకుని అలాగే ఉన్నాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. ఎవరూ కూర్చోమని కానీ పొమ్మని కానీ అనలేదు.

26 మార్చి

నవీన్‌కుమార్ ఫోన్. మర్యాదగానే మాట్లాడాడు. "మీరు గ్రీన్ అన్నరనే మొక్కలు తెప్పిచ్చిన సార్. ఇప్పుడు వాటిని ఏం చెయ్యాలె?" నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

5 ఏప్రిల్, శుక్రవారం

32.80. చెప్పకుండా వెళ్లాను. మోటార్లు నడుస్తున్నాయి. ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. అటు వెళ్లలేదు.

11 ఏప్రిల్

రంజాన్. ఈద్గాకు వెళ్లి తెలియనివాళ్లను కౌగిలించుకుని వచ్చాను. సేమ్యా వండాను, అడుగంటింది. పోయిన ఏడు లీలమ్మక్క పొద్దున్నే ఫోన్ చేసి పండుగెట్లుంది అని అడిగింది. సాయంత్రం దాకా ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. ఆ కంపెనీవాడూ ఈ కంపెనీవాడూ మెసేజీలు పంపారు.

18 ఏప్రిల్

మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆపారు. అంతకన్నా పెద్దది ఏదో వస్తుందనుకున్నాను. రానందుకు సంతోషం కూడా కలగలేదు.

27 ఏప్రిల్

ఎవరితోనూ మాట్లాడని రోజు. టైర్ల దుకాణం కూడా బందు.

6 మే, సోమవారం

నిన్న వెళ్లాల్సింది. ఐదో తారీకు వెళ్లబుద్ధి కాక ఒక రోజు జరిపాను.

ఆరు ఊళ్లు తిరిగి, మధ్యాహ్నం రెండు దాటాక తుమ్మలబండ చేరాను. ఎండకు మూత చేతిని కాల్చింది. టేపు వదులుతుంటే వెనక అడుగుల చప్పుడు. లీలమ్మక్క. కొంగు నెత్తిన కప్పుకుని కాస్త దూరంలో నిలబడింది. ఇన్ని నెలల్లో ఆమె బోరు దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. కొలిచే వేళకు ఎప్పుడూ వంటింట్లో ఉండేది.

కుయ్‌మంది.

"ఎంతున్నది?"

"ముప్పై నాలుగు ఇరవై."

"రాస్కున్నవా?"

"రాసుకున్న."

వాళ్ల మోటారు వైపు చూశాను. ఆగి ఉంది. నా చూపు ఆమె కనిపెట్టింది. "నీ కోసం ఆపలేదు. పొద్దుగాల అరగంట పోస్తది, అంతే. రంగులద్దుకోను, గొడ్లకు సరిపోతాంది. ఏమెయ్యకుంట చేను పడావువెట్టినం." అని, నవీన్‌కుమార్ జాగా వైపు తల తిప్పింది. అక్కడ గుంతలు తవ్వి వదిలేసి ఉన్నాయి. "గా ఆరు పడుంటె ఈ అరగంట గూడ లేకుండె అంటడు మీ బావ. నాకైతె తెల్వది. నాకు కోపమైతె పోలేదు."

"తెలుసక్కా."

టేపు చుట్టడం మొదలుపెట్టాను. ఆమె వెళ్లలేదు.

"తిన్నవా?"

"తిన్న."

"యాడ తిన్నవ్? ఈ బాటల ఒక్క హోటలు లేదు."

నేను టేపు చుడుతూనే ఉన్నాను.

"నా నీళ్లకు అబద్ధం రాయనోనివి, నీ కడుపుకెందుకు రాస్తున్నవ్?" గొంతులో ఇంకా కోపం ఉంది. "పొద్దటి గట్క ఉన్నది. కూర లేదు. నువ్వొస్తవని ఎవలికెరుక? తింటె రా."

ఆ మాట అని, నేను వస్తున్నానో లేదో చూడకుండానే ఇంటి దారి పట్టింది. మూత బిగించి వెనకాలే వెళ్లాను. బావ మగ్గం దిగలేదు, తల మాత్రం ఆడించాడు. ఇల్లు ఊడ్చి లేదు. నూలు ఎక్కడిదక్కడే పడి ఉంది. కూర్చోవడానికి నేనే కాస్త జరుపుకున్నాను. జొన్నరవ్వ గట్క చల్లారి గట్టిపడింది. ఉల్లిగడ్డ ఒకటి నలగ్గొట్టి పక్కన పెట్టింది. సగం తినేసరికి తల ఎత్తి చూశాను. ఇంకొంచెం వేసుకో అని ఆమె అనలేదు. గట్క వండిన గిన్నె నా ముందే మూత లేకుండా ఉంది, అందులో ఏమీ లేదు.